నాన్న పాటల బోర్డు, నా ఏడో స్లైడు

మా ఫ్లాటుకు రెండు తలుపులు. లోపలిది చెక్కది, బయటిది ఇనుప గ్రిల్. తార్నాకలో ఏ ఇల్లు చూసినా అంతే, దొంగలు లోపలికి రాకూడదని. మా ఇంట్లో మాత్రం గ్రిల్‌కు తాళం లోపలివైపు వేస్తాం, నాన్న బయటికి వెళ్ళకూడదని. తాళంచెవి నా మెడలో, యూనివర్సిటీ ఐడీ కార్డు తాడుకే వేలాడుతుంటుంది. కార్డు చూపిస్తే ల్యాబులోకి వెళ్ళొచ్చు, చెవి తిప్పితే ఇంట్లోంచి బయటపడొచ్చు. ఇన్ని అధికారాలు మెడలో వేసుకుని, మొన్న ఏప్రిల్లో వరసగా ఐదు రోజులు నేను హాల్లో ప్లాస్టిక్ కుర్చీ దాటి పోలేదు.

నాన్న యూనివర్సిటీ పరీక్షల విభాగంలో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, ఆ ఒక్క కౌంటరు వెనకే జుట్టు తెల్లబరుచుకున్నాడు. నా డిగ్రీ మార్కుల మెమో పోతే డూప్లికేటు కోసం నన్ను కూడా లైన్లోనే నిలబెట్టాడు. నా వంతు వచ్చాక, ఎప్పుడూ చూడనట్టు మొహం పెట్టి, "హాల్ టికెట్ నంబరు చెప్పమ్మా" అన్నాడు. ఉదయం ఆయన కలిపిపెట్టిన పెరుగన్నం నా సంచిలోనే ఉంది.

అది జీతం కోసం చేసిన పని. అసలు పని చర్చిలో. మా చర్చిలో ప్రసంగ వేదిక పక్కన గోడకు ఒక చెక్క బోర్డుంటుంది. దానికి మూడు గాడులు. ఆ ఆదివారం పాడబోయే మూడు పాటల నంబర్లను అంకెల అట్టముక్కలతో ఆ గాడుల్లో నిలబెట్టాలి. అట్టముక్కలుండేది ఒక పాత బిస్కెట్ డబ్బాలో. శనివారం సాయంత్రం నాలుగింటికి డబ్బా తీయడం, నంబర్లు పెట్టడం, రెండడుగులు వెనక్కి వేసి వంకర ఉందేమో చూడడం. నేను పుట్టకముందు నుంచీ ఆ పని నాన్నదే. పాస్టర్లు మారారు, బోర్డుకు రంగులు మారాయి, నాన్న మారలేదు.

పాటల పుస్తకంలో ఉన్న వందల పాటలూ ఆయనకు నంబర్లతో సహా నోటికొచ్చు. పాస్టరుగారు ఫోన్ చేసి మొదటి లైను చదివితే, ఇటునుంచి నాన్న నంబరు చెప్పి పెట్టేసేవాడు. చిన్నప్పుడు బస్టాపులో నాకూ ఆయనకూ ఒక ఆట. నేను నంబరు చెప్తాను, ఆయన మొదటి లైను పాడాలి. తప్పితే నాకు గోలీసోడా. ఇంతవరకూ ఆ సోడా రుచి నాకు తెలియదు.

కిందటేడు న్యూరాలజీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన తేదీ అడిగాడు, ఐదు వస్తువులు చెప్పి కాసేపటికి మళ్ళీ అడిగాడు, గడియారం బొమ్మ గీయమన్నాడు. నాన్న శ్రద్ధగా గీశాడు. పన్నెండు అంకెలూ కుడి పక్కనే సర్దుకుని కూర్చున్నాయి, ఎడమ పక్క అద్దెకు పెట్టినట్టు ఖాళీగా ఉంది. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. నాన్న విని, "రీవాల్యుయేషన్‌కి అప్లై చేసుకోవచ్చాండీ?" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. నేను నవ్వాను. అమ్మ నా చెయ్యి గిల్లిన మచ్చ వారం ఉంది.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. నేను అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఐదో ఏడు. విషయం: మతిమరుపు జబ్బుల్లో మెదడులోని రోగనిరోధక కణాల పాత్ర. నాన్నకు జబ్బు రావడానికి ముందే ఈ విషయం తీసుకున్నాను కాబట్టి దీని వెనక కన్నీటి గాథ ఏమీ లేదు. ఆ ల్యాబులో సీటు ఖాళీగా ఉంది, అంతే.

ఆ కణాల పేరు మైక్రోగ్లియా. అవి ఏం చేస్తాయో చెప్పాలంటే, క్రిస్మస్‌కు సున్నాలు వేయించే ముందు మా అమ్మ ఇల్లు సర్దడం చూడాలి. మొదట పాత పేపర్లు పోతాయి, తర్వాత విరిగిన గొడుగులు. అంతవరకూ అందరికీ మంచిదే. కానీ ఊపు వచ్చాక అమ్మ చెయ్యి ఆగదు. నా డిగ్రీ మెమో పోయింది అలాగే. మైక్రోగ్లియా కూడా మెదడులో చెత్త ఏరేస్తాయి, నరాలను కలిపే అతుకుల్లో పనికిరానివి కత్తిరిస్తాయి. జబ్బు మొదలయ్యాక వాటికి ఊపు వస్తుంది. నరాల మధ్య బాగున్న అతుకుల్ని కూడా తినడం మొదలుపెడతాయి. ఆ అతుకుల్లోనే మన జ్ఞాపకాలుంటాయి. ఎవరో బయటి శత్రువు వచ్చి కొట్టినట్టు కాదు, ఇంట్లోవాళ్ళే సర్దుతున్నామనుకుంటూ ఖాళీ చేస్తారు.

ఇంత తెలిసీ నాన్నకు నా సొంత పరీక్ష ఒకటి పెట్టుకున్నాను. వారానికోసారి, పప్పులో ఉప్పు చూసినంత మామూలుగా, "నాన్నా, నూట డెబ్భై ఆరు?" అనేదాన్ని. ఆయన పాడేవాడు. బాగా అరిగిన పాత జ్ఞాపకాలు చివరగా పోతాయని, అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఆగినట్టు కాదని జూనియర్లకు నేనే చెప్తాను. నాన్న విషయంలో మాత్రం నంబర్లు ఉన్నంతవరకు నాన్న ఉన్నట్టే లెక్క.

అప్పటికే ఆయన పొద్దున తొమ్మిదిన్నరకు చొక్కా టక్ చేసుకుని ఆఫీసుకు బయల్దేరడం మొదలైంది. క్యాంపస్ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకు ఆయన తెలుసు. ల్యాబులో ఉండగా ఫోన్ వచ్చేది. "మేడమ్, సార్ వచ్చిండు. గీడ కూసోబెట్టినం, ఛాయ్ తాగుతుండు. నువ్వు నిమ్మలంగ రా." రెండుసార్లు అలా గడిచింది. మూడోసారి ఆయన గేటు కాకుండా మరో దారిన లోపలికెళ్ళి, క్యాంపస్ మొత్తం నడిచి, విద్యానగర్ వైపు తేలాడు. రైల్వే స్టేషన్ టికెట్ కిటికీ దగ్గర నిలబడి లోపలున్నాయన్ని, "నా సీట్లో ఎందుకు కూర్చున్నారు?" అని అడుగుతుంటే దొరికాడు. ఆ సాయంత్రమే అమ్మ చౌరస్తాలో తాళం కొంది. అమ్మ ముఖం చూసి షాపాయన మంచి గట్టిది ఇచ్చాడు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాం. రాత్రిళ్ళు లేచి బాత్రూమ్ అనుకుని బీరువా తలుపు తెరుస్తున్నాడని, సాయంత్రం ఐదు దాటాక నీళ్ళు తగ్గించాం. ఆ ఆలోచన నాది. తర్వాత మధ్యాహ్నం కూడా అడిగితేనే ఇవ్వడం అలవాటైంది. ఆయనకు అడగడం గుర్తుండేది కాదు.

మార్చిలో మా డిపార్ట్‌మెంటులో నేను సెమినార్ ఇచ్చాను. ఏడో స్లైడులో చెప్పింది ఇది. జబ్బుతో ముందే రెచ్చిపోయి ఉన్న మైక్రోగ్లియా ఉన్నవాళ్ళకు ఒంట్లో ఎక్కడ చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా, ఆ కబురు మెదడు దాకా వెళ్తుంది. అక్కడ అవి అవసరానికి మించి రెచ్చిపోతాయి. మనిషికి ఒక్కసారిగా మతి చెదురుతుంది. పెద్దవయసులో జ్వరం కూడా రాకపోవచ్చు. ఉదాహరణ, మూత్రంలో ఇన్ఫెక్షన్. పక్కన మూత్రాశయం బొమ్మ కూడా పెట్టాను. మా గైడు సారు ఆ రంగు మార్చమన్నారు. మార్చాను. చప్పట్లు కొట్టారు.

ఈస్టర్ అయిపోయిన తర్వాతి మంగళవారం తొమ్మిదిన్నరకు నాన్న గ్రిల్ దగ్గరకు రాలేదు.

నాకు సంతోషమేసింది. తాళానికి అలవాటు పడ్డాడనుకున్నాను. పదకొండైనా మంచం మీదే పడుకుని దుప్పటి అంచు పీకుతున్నాడు, కనపడని దారాలేవో ఏరుతున్నట్టు. అమ్మ టీచరు, ఎండలకు ఒంటిపూట బడి. ఒంటిగంటకు వచ్చి పలకరిస్తే లేచి కూర్చుని, "మేడమ్, మీ మెమో ఇంకా రాలేదండీ. సోమవారం రండి" అన్నాడు. అమ్మ నవ్వింది. "సోమవారం సెలవు పెట్టాలా అయితే?" అంది. ఆయన అమ్మ భుజం మీదుగా హాల్లోకి చూసి, "వెనక లైను పెరిగిపోతోంది. జరగండి" అన్నాడు. హాల్లో నేనొక్కదాన్నే ఉన్నాను. లైనుగా ఏర్పడేంత ఒళ్ళు నాకు లేదు.

నేను దగ్గరకెళ్ళి కూర్చున్నాను.

"నాన్నా, రెండువందల పదకొండు?"

నా వైపు చూశాడు. నా వెనక గోడవైపు చూశాడు.

"ఏ కౌంటరు?" అన్నాడు.

ఇంకో నంబరు చెప్పాను. మరొకటి. పిల్లలు కూడా పాడే అతి తేలిక పాటది మరొకటి. ఆయన విసుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోలీసోడా నాకు దక్కింది. తాగాలనిపించలేదు.

వంటింట్లో అమ్మకు తీర్పు చెప్పాను.

"ఇది అనుకున్నదేనమ్మా. జబ్బు ఇంకో మెట్టు దిగింది."

"మొన్న ఆదివారం శుభ్రంగా పాడాడు కదే."

"ఒక్కోసారి ఇలా ఉన్నట్టుండి దిగుతుంది."

"తెలిసి చెప్తున్నావా, అనుకుని చెప్తున్నావా?"

"ఐదేళ్ళుగా ఇదే చదువుతున్నానమ్మా."

"ఐదేళ్ళుగా నువ్వు చదివేది ఎలకల్ని. ఆయన్ని కాదు."

అని స్టవ్ కట్టేసింది. డాక్టరు క్లినిక్‌కు ఫోన్ చేస్తే, అపాయింట్‌మెంట్ ఇంకా రెండు వారాలుంది కదా, అప్పుడే రమ్మన్నారు. నేను గట్టిగా అడగలేదు. జవాబు నాకు ముందే తెలుసు కదా.

ఆ తర్వాతి మూడు రోజులూ ఒకేలా ఉన్నాయి. అమ్మ ఏడింటికి బడికి వెళ్తుంది. నేను గ్రిల్‌కు తాళం వేస్తాను. కూలర్ గరగరమంటుంది. నాన్న కాసేపు నిద్ర, కాసేపు లేచి లైనులో ఉన్నవాళ్ళతో తగువు. పక్క బట్టలు తడుస్తున్నాయి, మారుస్తున్నాను, ఆరేస్తున్నాను. బాల్కనీలోంచి చూస్తే క్యాంపస్ చెట్ల కొసలు కనపడతాయి. నడిస్తే పదిహేను నిమిషాలు. నా థీసిస్ లాప్‌టాప్‌లో తెరిచే ఉంది, 'మతి క్షీణత' అన్న మాట తర్వాత కర్సర్ కొట్టుకుంటోంది. గ్రిల్ నీడ మధ్యాహ్నానికి హాల్లోకి వచ్చి నా ఒళ్ళో చారలు చారలుగా పడేది. జైలు సీనుకు ఇంత ఏర్పాటు చేసినవాళ్ళు ఒక సత్తు కంచం కూడా ఇస్తే బాగుండేది. మాది మెలమిన్.

గురువారం ల్యాబు నుంచి ఫోన్. నా పక్క టేబుల్ సీనియర్, నల్గొండ దగ్గర పల్లెటూరి మనిషి. నాకంటే రెండేళ్ళు ముందు చేరింది, నాకంటే రెండేళ్ళు వెనక పూర్తి చేస్తానంటుంది.

"ఏందే, వస్తలేవు? నీ కణాలు సచ్చేటట్టున్నయ్."

"మీడియా ఏ రంగులో ఉందక్కా?" అని అడిగాను. కణాలకు మేతగా పోసే ఆ ద్రవం మామూలుగా ఎర్రగా ఉంటుంది. రెండ్రోజులకోసారి మార్చకపోతే లోపల చెడు పేరుకుని పసుపు రంగుకు తిరుగుతుంది.

"పసుపు నీళ్ళ లెక్కున్నది. ఎన్ని దినాలాయె మార్చక?"

"ఐదు. వాసనేమైనా వస్తోందా? అడుగున తెల్లగా ఏమైనా తేలుతోందా?"

"గన్ని అడిగే బదులు వచ్చి చూడరాదు?"

"తాళం వేసుంది."

"ఎవరేసిన్రు?"

"నేనే."

"సరే, నేను మారుస్త తియ్. బతికితే నీవి, సస్తే నావి" అని పెట్టేసింది.

శుక్రవారం పాస్టరుగారు ఫోన్ చేశారు. ఈసారి పాట మొదటి లైను చదవలేదు. "నాన్నగారిని విశ్రాంతి తీసుకోనివ్వమ్మా. ఈ వారం బోర్డు యూత్ సెక్రటరీ పెడతాడు" అన్నారు. మంచి మనిషి, మెత్తగానే అన్నారు. కానీ మా చర్చిలో ఒక వారం చేతులు మారిన పని మళ్ళీ వెనక్కి వచ్చిన చరిత్ర లేదు. కీబోర్డు వాయించే ఆవిడ ఒకసారి చికున్‌గున్యాతో మంచాన పడి, ఇప్పటికీ మూడో బెంచీలో కూర్చుంటోంది. ఆ సాయంత్రం అమ్మ డైనింగ్ టేబుల్ మీద తెల్లకాగితం పెట్టుకుని హెడ్మిస్ట్రెస్‌గారికి రాజీనామా రాసింది. పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో రాసింది. నేను చెప్తే చూసుకుని, నీలం పెన్నుతో మళ్ళీ రాసింది.

"సోమవారం ఇస్తాను. నువ్వు నీ ల్యాబుకి పో" అంది.

"నేనే మానేస్తాను. ఐదేళ్ళలో రానిది ఆరో ఏడు వస్తుందా?"

"ఇద్దరం మానేసి ఆయన లైన్లో నిలబడదామా?" అంది అమ్మ. నా జోకులు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

శనివారం అమ్మకు సెలవు. పొద్దున పై ఫ్లోరు ఆంటీ సొరకాయ కూర గిన్నెతో దిగారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, కాకినాడ వైపు. నేను మెడలోంచి చెవి తీసి తాళం తెరిచేంతసేపూ గ్రిల్ అవతలే నిలబడి, "జూలో పెట్టినట్టు ఏంటమ్మా ఇది? సింహానికి కూర ఎటునుంచి ఇవ్వాలి?" అన్నారు. లోపలికొచ్చి నాన్నను చూశాక గిన్నె నా చేతికిచ్చేశారు.

నాన్న చేతి వెనక చర్మం పట్టి లాగి వదిలారు. అది మెల్లగా, తీరిగ్గా వెనక్కి వెళ్ళింది. "ఒంట్లో నీళ్ళే లేవు" అన్నారు. నాలుక చాపమన్నారు. నాన్న చాపలేదు, "హాల్ టికెట్ చూపించండి" అన్నాడు. ఆంటీ బొడ్డు కింద మెల్లగా నొక్కితే మూలిగాడు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మంగళవారం నుంచండీ. జబ్బు ముదిరింది" అన్నాను.

"అది తర్వాత. మూత్రానికి ఎలా వెళ్తున్నాడు?"

"వెళ్తున్నాడండీ."

"వెళ్తున్నాడా అని కాదు తల్లీ, ఎలా అని. రంగేంటి? వాసనుందా?"

అమ్మ చెప్పింది. "పక్క తడుపుతున్నాడండీ. ముదురు పసుపు. నాలుగు రోజుల్నుంచి బాగా వాసన. అది కూడా ఆ జబ్బులో భాగమే అనుకున్నాం."

"ఎవరు చెప్పారు?"

అమ్మ నావైపు చూసింది. ఆంటీ నావైపు చూశారు. నాన్న కూడా చూశాడు, లైను ఎక్కడ ఆగిపోయిందో అర్థం కానట్టు.

"వార్డులో పెద్దాళ్ళు ఉన్నట్టుండి డాక్టర్ని పట్టుకుని అల్లుడుగారూ అంటే, ముందు మూత్రం సీసా పంపించేవాళ్ళం. ప్రార్థన ఆ తర్వాత" అన్నారు ఆంటీ.

గిన్నె ఇంకా నా చేతుల్లోనే ఉంది, వేడిగా. ఏడో స్లైడు పూర్తిగా కళ్ళ ముందుకొచ్చింది. రంగు మార్చిన ఆ మూత్రాశయం బొమ్మతో సహా. కణాల నీళ్ళు ఏ రంగులో ఉన్నాయని, వాసన వస్తోందా అని, అడుగున ఏమైనా తేలుతోందా అని ఫోన్లో మూడు ప్రశ్నలు అడిగినదాన్ని. పక్క గదిలో ఉన్న మనిషి గురించి ఒక్కటీ అడగలేదు. పక్క బట్టలు నా చేతుల్తోనే ఉతికి నా చేతుల్తోనే ఆరేశాను. నీళ్ళు తగ్గించింది కూడా నేనే. నాకు నచ్చిన జబ్బు ఒకటి ఉంది, ఐదేళ్ళ పరిచయం, కాబట్టి ఏం జరిగినా దాని పేరే చెప్పాను.

మూత్రం సీసాను నల్ల కవర్లో పెట్టుకుని చౌరస్తా దాటి డయాగ్నస్టిక్ సెంటర్‌కు పరిగెత్తాను. ఐదు రోజుల తర్వాత రోడ్డు. మెట్రో కింద నీడ, చెరకు రసం మిషను, ఎండ. విడుదలైన ఖైదీ ఆకాశం వైపు చూడాలి. నేను కవరు కారుతోందేమోనని చూసుకున్నాను.

ఇన్ఫెక్షన్ ఉంది, అదీ బాగా. వీధి చివర నర్సింగ్ హోమ్‌లో రెండు రోజులు సెలైన్, యాంటీబయాటిక్. ఆ బెంచీ మీద కూర్చుని అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"గది నీ ఏడో స్లైడే కదనే" అంది అక్క.

"తెలుసు."

"మరి నవ్వొస్తలేదా నీకు? దినామూ అన్నిటికి నవ్వుతవ్."

"రేపు నవ్వుతా."

"నీ కణాలు సచ్చినయ్. చెప్పాలె కదా అని చెప్తున్న. ఫ్రీజర్ల పాత కణాల గొట్టమొకటున్నది, మల్ల మొదటిసంది షురూ చెయ్."

"సరే."

"గా ముసలాయన మంచిగున్నడా?"

"ఇంకా లైన్లోనే ఉన్నాడు."

ఇంటికొచ్చిన రెండో రోజు, బుధవారం, తొమ్మిదిన్నరకు గ్రిల్ గడగడలాడింది. వంటింట్లో ఉన్న ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఎవరే తాళం వేసింది? నాకు ఆఫీసు టైమవుతోంది. మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేస్తారా ఎవరైనా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి నా కన్నీళ్ళ క్రెడిట్ వాటి ఖాతాలో పడింది. ఒక మనిషి మా మీద అంత గట్టిగా అరుస్తుంటే అంత సంతోషించడం మాకు అదే మొదలు. వెళ్ళి తాళం తీయలేదు. పక్కన నిలబడ్డాను.

"నాన్నా, రెండువందల పదకొండు?"

గ్రిల్ పట్టుకునే, కోపంగానే, మొదటి లైను పాడాడు. తర్వాత, "ఇప్పుడు తియ్" అన్నాడు.

అమ్మ రాజీనామా కాగితాన్ని మడిచి, కూరగాయల బుట్ట కింద పరిచింది.

అన్నీ తిరిగి రాలేదు. అది కూడా చెప్పాలి. అమ్మను మేడమ్ అనడం ఆగింది, కానీ అమ్మ ఏ బడిలో చెప్తుందో ఇప్పుడు రోజూ అడుగుతాడు. గడ్డం గీసుకోవడం సగంలో మర్చిపోతాడు. కొన్ని నంబర్లకు పాట వస్తుంది, కొన్నిటికి పెదాలు కదిలి ఆగిపోతాయి. అపాయింట్‌మెంట్ రోజున డాక్టరు, "కొంత తిరిగొస్తుంది, కొంత రాదు. ఇలాంటిది మళ్ళీ రాకుండా చూసుకోండి" అన్నాడు. ఇన్ఫెక్షన్ తగ్గాక ఆ కణాలు కాస్త శాంతిస్తాయి. ఆ ఊపులో బయట పారేసినవాటిని ఏరుకొచ్చి పెట్టవు. అమ్మ కూడా నా మెమో తెచ్చి పెట్టలేదు. దానికి డూప్లికేటైనా వచ్చింది. నేను ఆ ఐదు రోజుల్లో మొదటి రోజే అడిగి ఉంటే ఎంత మిగిలేదో ఏ ప్రయోగమూ చెప్పలేదు. నాన్న ఒక్కడే ఉన్నాడు, పోల్చి చూడడానికి రెండో నాన్న లేడు.

పాస్టరుగారికి అమ్మే ఫోన్ చేసింది. "ఒక్క శనివారం ఇవ్వండి అయ్యగారూ. తప్పు పెడితే మీరే తీసెయ్యండి. ఆయన ఇంట్లో కూర్చుని తాళం మీద విసిరే అరుపులు మీరు వింటే మీరే పిలుస్తారు" అంది. పాస్టరుగారు "మూడున్నరకి సెక్రటరీ తాళాలు తెస్తాడు, నాలుగింటికి తీసుకురండి" అన్నారు. మూడు నంబర్లున్న చీటీ ఫోన్లో ఫొటోగా పంపారు.

శనివారం మూడున్నరకు గ్రిల్ తీశాను. నాన్న చొక్కా టక్ చేసుకున్నాడు. నడిచి వెళ్ళాం. చర్చిలో ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి, పాత చెక్క వాసన. ఆయన బిస్కెట్ డబ్బా ఎక్కడుందో అడగకుండానే బీరువా వెనక నుంచి తీశాడు. నేను చీటీ చదివాను. మొదటిది పెట్టాడు, సరిగ్గా. రెండోది పెట్టాడు, సరిగ్గా. మూడోదానికి డబ్బాలో చాలాసేపు వెతికాడు. నేను ప్లాస్టిక్ కుర్చీలో ఎలా కూర్చున్నానో అలాగే బెంచీ అంచున కూర్చుని చూస్తున్నాను. నాలుగు, ఒకటి, రెండు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, వంకరుందేమో చూసి, ఒకటిని కొంచెం సర్దాడు.

చీటీలో ఉన్నది మూడువందల నలభై.

నాలుగువందల పన్నెండు కోతల పండుగ పాట. గుమ్మడికాయలు, అరటిగెలలు, వడ్ల బస్తాలు వేదిక ముందు పెట్టుకుని నవంబర్లో పాడుకునేది. బయట ఏప్రిల్ ఎండకు చర్చి ఆవరణలో గడ్డి కూడా లేదు.

"నాన్నా, మూడోది అదేనా?"

"అదే. ఈ పాట పాడి చాలా రోజులైంది" అన్నాడు.

కావాలని పెట్టాడో, అంకెలు కలిసిపోయాయో, ఆ పాత ఫోన్ కాల్స్‌లో ఏదో ఒకటి ఇప్పుడు చెవిలో మోగిందో నాకు తెలియదు. నా నోట్లో ఒక తీర్పు తయారుగా ఉంది. జబ్బు ఏ దశలో ఇలాంటి తప్పులు వస్తాయో రెండు పేరాలు చెప్పగలను. మింగేశాను.

"పొద్దుట్నుంచి నీళ్ళెన్ని తాగావు?" అన్నాను.

"బోర్డు పెట్టేటప్పుడు నీళ్ళేంటి?"

సంచిలోంచి సీసా తీసిచ్చాను. బోర్డువైపే చూస్తూ సగం తాగాడు. మూత పెట్టడం మర్చిపోయాడు, నేను పెట్టాను. మూడో గాడి జోలికి నేను వెళ్ళలేదు.

ఆదివారం పాస్టరుగారు బోర్డు చూశారు, చేతిలో చీటీ చూశారు, మూడో బెంచీలో ఉన్న మమ్మల్ని చూశారు. చీటీ మడిచి బైబిల్లో పెట్టి, "నాలుగువందల పన్నెండో పాట పాడుకుందాం" అన్నారు. జనం పేజీలు తిప్పుతూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కోత లేదు, పంట లేదు, వేదిక మీద ఒక్క గుమ్మడికాయ కూడా లేదు. నాన్న పుస్తకం తెరవలేదు. అన్ని చరణాలూ పాడాడు, నాలుగో చరణంలో ఒక లైను వదిలేసి, అందరికంటే ముందే చివరికి చేరుకుని, మిగతావాళ్ళు వచ్చేదాకా ఆగాడు.

ఇంటికొచ్చి గ్రిల్‌కు తాళం వేశాను. నాన్న చూస్తూనే ఉన్నాడు.

"శనివారం దాకానా?" అన్నాడు.

"శనివారం దాకా" అన్నాను. గ్లాసు నింపి ఆయన చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చున్నాను.